మూడో విజిలా, నాలుగోదా?

ప్రశ్న: నాకు యాభై మూడేళ్ళు. హాల్లో కూరలు తరుగుతూ ఏదో కావాలని వంటింట్లోకి వెళ్తాను. అక్కడ నిలబడి ఎందుకొచ్చానో తెలియక డబ్బాలన్నీ చూస్తాను. తిరిగొచ్చి కూర్చోగానే గిన్నె కోసమని గుర్తొస్తుంది. కుక్కర్ కూసింది మూడో విజిలో నాలుగోదో తెలియదు. ఎదురింటావిడ పేరు నాలిక చివరే ఉండి బయటికి రాదు. చిన్నప్పటి పద్యాలు మాత్రం తడుముకోకుండా చెబుతాను. మా అత్తగారు మతిమరుపు జబ్బుతోనే పోయారు. నాకూ మొదలైందా అని నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. అత్తగారి జబ్బు కోడలికి రక్తంలో రాదు. ఆ భయం ఈ పూటే వదిలెయ్యండి.

గుమ్మం దాటగానే మరిచిపోవడం మీ ఒక్కరికే కాదు. అమెరికాలో నోటర్‌డేమ్ యూనివర్సిటీలో రాద్వాన్‌స్కీ అనే ఆయన దీని మీద పరిశోధన చేసి 2011లో ప్రచురించారు. ఒక బల్ల మీది వస్తువు తీసి ఇంకో బల్ల దగ్గరికి మోయించి, ఏం తెస్తున్నారని మధ్యలో అడిగారు. నడిచిన దూరం ఒకటే అయినా, ఒకే గదిలో నడిచినవాళ్ళ కన్నా గుమ్మం దాటినవాళ్ళు ఎక్కువగా తడబడ్డారు. ఒక గదిలో జరిగింది మనసు ఒక మూటగా కట్టేసి, కొత్త గదిలో కొత్త మూట విప్పుతుందని ఆయన అంటారు. మళ్ళీ మొదటి గదికి తీసుకెళ్ళినా వాళ్ళకి జ్ఞాపకం మెరుగవలేదు. మరి మీకెందుకు గుర్తొస్తోంది? నాకు తోచింది చెబుతాను. మీరు తిరిగొచ్చేది ఉట్టి గదికి కాదు, సగం తరిగిన బెండకాయల దగ్గరికి. ముక్కలు పేపరు మీద పరిచి ఉంటే గిన్నె గుర్తుకు రాక ఏమవుతుంది?

2021లో ఆస్ట్రేలియాలోని బాండ్ యూనివర్సిటీ వాళ్ళు ఇలాంటి పరీక్షే మళ్ళీ పెట్టారు. గుమ్మం ఒక్కటే ఉంటే పెద్దగా ఏమీ మరిచిపోలేదు. మనసు అప్పటికే ఇంకో లెక్కలో మునిగి ఉన్నప్పుడే గుమ్మం దెబ్బ కొట్టింది. మీ జవాబు ఇందులోనే ఉంది. ఆ ఇంకో లెక్క మీ ఇంట్లో కుక్కర్ విజిళ్ళది.

నా పన్నెండో ఏట మా నాన్నగారు రాజమండ్రిలో అష్టావధానానికి తీసుకెళ్ళారు. ఎనిమిది మంది ఎనిమిది రకాలుగా అడుగుతుంటే, అవధాని ఒక్కరే అన్నీ మనసులో పెట్టుకుని పద్యాలు చెప్పే సభ అది. ఒకరు పూరించమని పద్యపాదం ఒకటి సమస్యగా ఇచ్చారు, ఒకరు పద్యంలో ఇమడ్చమని కొన్ని మాటలు దత్తపదిగా ఇచ్చారు, నిషిద్ధాక్షరి ఆయన అక్షరం అక్షరానికీ అడ్డు తగిలారు. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పనే ధ్యాస మళ్ళించడం. ఇంకొకరు ఉండుండి గంట కొట్టారు, ఎన్ని గంటలో అవధాని చెప్పాలి. చివర్లో పద్యాలన్నీ ధారణలో అప్పజెప్పి, గంటల లెక్క కూడా చెబితే జనం లేచి నిలబడ్డారు. మీరు పొద్దున్నే పొయ్యి మీద పప్పు, చేతిలో కత్తిపీట, ఫోన్లో కూతురు, గుమ్మంలో పాలబ్బాయి, మధ్యలో విజిల్. అదే పని చేస్తున్నారు, రోజూ. ఆయన ఏళ్ళ తరబడి సాధన చేసి వేదిక ఎక్కారు. మీకు ఒక గంట తప్పితే జబ్బని భయపడుతున్నారు. నాకు బాధ కలిగింది అందుకే.

విజిల్ కూసినప్పుడల్లా ఒక చింతగింజ గిన్నెలో వెయ్యండి. లేచేటప్పుడు 'గిన్నె' అని పైకే అనండి.

పద్యాల మాటకొస్తే, కంద పద్యంలో నాలుగు పాదాలకీ రెండో అక్షరం కలవాలి, అది ప్రాస. రెండో పాదంలో, నాలుగో పాదంలో మొదటి అక్షరానికి జోడు అక్షరం మధ్యలో మళ్ళీ రావాలి, అది యతి. ఒక మాట జారితే పక్క మాట చెయ్యి పట్టుకుని లాక్కొస్తుంది. ఎదురింటావిడ పేరుకి అలా పట్టుకునే చెయ్యి లేదు. ఆవిడ టీచరనో, కాకినాడ వాళ్ళనో మీకు తెలిసి ఉండొచ్చు, అవేవీ పేరు దగ్గరికి దారి చూపవు. 1966లో హార్వర్డ్‌లో బ్రౌన్, మెక్‌నీల్ అనే ఇద్దరు నాలిక చివర ఆగిన మాటల్ని పరిశీలించారు. మాట రాకపోయినా మొదటి అక్షరం ఏదో, మాట ఎంత పొడుగో చాలామంది చెప్పగలిగారు. అంటే మాట పోలేదు, లోపలే ఉంది. ఈసారి అక్షరాలు వరసగా నాలిక మీద తిప్పి చూడండి. అప్పటికీ రాకపోతే ఆవిడనే అడగండి, తప్పేం లేదు.

అసలు జబ్బు ఎలా ఉంటుందో మా అమ్మ దగ్గర చూశాను. చెయ్యి కడుక్కుని వచ్చిన ఐదు నిమిషాలకే "నాకు అన్నం పెట్టవా?" అనేది. నలభై ఏళ్ళు నడిచిన వీధిలో దారి తప్పింది. పది రూపాయల నోటు, వంద నోటు తేడా తెలియలేదు. తను మరిచిపోతున్నానన్న సంగతే అమ్మకి తెలిసేది కాదు, కంగారంతా మాకే. మీరు మరిచిపోయిన ప్రతిదీ పూసగుచ్చినట్టు రాశారు చూడండి.

అయినా ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. థైరాయిడ్, బి12 తక్కువైనా మరుపు వస్తుంది, వాటికి మందులున్నాయి. మీ వయసులో నెలసరి ఆగే రోజుల్లో నిద్ర చెడి మాటలు తట్టకపోవడం చాలామంది ఆడవాళ్ళు చెప్పేదే. ఆ సంగతి డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి. వెళ్ళేటప్పుడు మీ వారిని కూడా తీసుకెళ్ళండి. ఇంట్లోవాళ్ళు ఏం గమనించారన్నది డాక్టరు తప్పకుండా అడుగుతారు.