అద్దె ఇల్లు మారుతుంటే ఓటు కూడా మార్చుకోవాలా? ఏది ముందు, ఏది తర్వాత?

మీరు అడిగినవి మూడు. విజయవాడ నుంచి హైదరాబాద్‌లో అద్దె ఇంటికి వస్తున్నారు కాబట్టి గ్యాస్, ఆధార్, ఓటులో ఏది ముందు మార్చుకోవాలి? ఓటు సొంతూళ్లోనే ఉంచుకుంటే నష్టమేంటి? ఢిల్లీ రాజకీయాలకు అద్దెకుండేవాళ్లు ఎందుకు కనబడరు?

వరస ఇది: గ్యాస్, ఆధార్, ఓటు. ఒకదాని కాగితం ఇంకోదానికి ఆధారమవుతుంది.

ఊరు మారుతున్నారు కాబట్టి సిలిండర్, రెగ్యులేటర్ విజయవాడ ఏజెన్సీలో అప్పగించాలి. కనెక్షన్ తీసుకున్నప్పటి వోచర్ వెంట తీసుకెళ్లండి. అప్పట్లో కట్టిన డిపాజిట్ వెనక్కిచ్చి ట్రాన్స్‌ఫర్ కాగితం ఇస్తారు. దాన్ని హైదరాబాద్‌లో చూపించి, ఇప్పటి డిపాజిట్ కడితే కొత్త అడ్రస్ మీద కనెక్షన్ వస్తుంది. (అదే ఊళ్లో ఇల్లు మారేవాళ్లు సిలిండర్ అప్పగించనక్కర్లేదు.) మూడు నెలలు దాటని గ్యాస్ బిల్లుతో ఆధార్‌లో అడ్రస్ మార్చుకోవచ్చు. కరెంటు బిల్లు ఓనర్ పేరు మీద ఉంటుంది కాబట్టి అద్దెకుండేవాళ్లకు అది అక్కరకు రాదు. ఇంట్లో ఒకరి ఆధార్ మారితే మిగతావాళ్లు కుటుంబ పెద్ద పద్ధతిలో ఆన్‌లైన్‌లోనే మార్చుకోవచ్చు. బంధుత్వం చూపే కాగితం పెట్టాలి, ఆ పెద్ద 30 రోజుల్లోపు తన లాగిన్ నుంచి ఒప్పుకోవాలి. ఆ గడువు మరిచిపోతే దరఖాస్తు ఆగిపోతుంది.

ఇక ఓటు. ఇక్కడ తప్పు చేసేవాళ్లే ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మీరు నింపాల్సింది ఫారం 8. 2022 ఆగస్టు 1 నుంచి ఫారం 6 మొదటిసారి ఓటు తీసుకునేవాళ్లకు మాత్రమే. అంతకుముందు నియోజకవర్గం మారితే ఫారం 6 పెట్టేవారు. ఆ పాత అలవాటుతో ఇప్పటికీ వీధిలో టేబుల్ వేసుకుని కూర్చున్న కార్యకర్తలు ఫారం 6 చేతిలో పెడతారు. దాని మీద సంతకం చేస్తే మీకు ఇంతకుముందు ఎక్కడా ఓటు లేదని రాసిచ్చినట్టే. అది తప్పుడు ప్రకటన. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. పైగా రెండు కార్డులు, రెండు ఓట్లు తయారవుతాయి. ఫారం 8లో అయితే మీ పాత కార్డు నంబరు (మూడు అక్షరాలు, ఏడు అంకెలు) అలాగే ఉంటుంది. కొత్త చోట పేరు ఎక్కగానే పాత చోట తీసేస్తారు.

ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో గానీ, యాప్‌లో గానీ మొబైల్ నంబరుతో లాగిన్ అయి ఫారం 8 తెరవండి. కార్డు నంబరు కొడితే మీ వివరాలు వస్తాయి. 'నివాసం మార్పు' ఎంచుకుని, 'నియోజకవర్గం బయటకు' అని టిక్ పెట్టండి. తర్వాత రాష్ట్రం, జిల్లా, అసెంబ్లీ నియోజకవర్గం. తడబడేది ఇక్కడే. పిన్‌కోడ్ చూసో, కాలనీ పేరు చూసో నియోజకవర్గం ఊహించకండి. కూకట్‌పల్లి నియోజకవర్గం మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో ఉంది, దాని పక్కనే ఉన్న శేరిలింగంపల్లి చేవెళ్ల కింద ఉంది. నాలుగు వీధులు దాటితే ఎమ్మెల్యేతో పాటు ఎంపీ కూడా మారిపోతారు. అదే బిల్డింగ్‌లో ఓటున్న ఎవరి కార్డు నంబరైనా అడిగి పోర్టల్‌లో వెతికితే నియోజకవర్గం, పార్ట్ నంబరు (మీ బూత్ ఓటర్ల జాబితా నంబరు) కచ్చితంగా తెలుస్తాయి.

అడ్రస్‌కు కాగితం అడుగుతారు. అద్దెకుండేవాళ్లకు జాబితాలో రాసి ఉన్నది 'రిజిస్టర్డ్' అద్దె ఒప్పందం. మనవాళ్లు రాసుకునేవి 11 నెలల అగ్రిమెంట్లు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరని 1908 నాటి చట్టం చెబుతుంది కాబట్టి ఆ ఖర్చు తప్పించుకోవడానికి పుట్టిన అలవాటది. ఫలితంగా సొంతిల్లున్నవాడికి సేల్ డీడ్ ఉంటుంది, అద్దెకున్నవాడి చేతిలో పనికొచ్చే కాగితం ఉండదు. గ్యాస్, కరెంటు బిల్లులకైతే ఏడాది పాతదై ఉండాలన్న మెలిక ఉంది. నిన్న వచ్చినవాడికి అదెలా ఉంటుంది? అందుకే ఆధార్ ముందు మార్చుకోమన్నాను. బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, పాస్‌పోర్టు కూడా చెల్లుతాయి. భర్త లేదా తండ్రి పేరున్న కాగితం పెట్టొచ్చు కానీ, ఆ వ్యక్తి అప్పటికే అదే అడ్రస్‌లో ఓటరై ఉండాలి. ఇంటిల్లిపాదీ ఒకే రోజు పెడితే మిగతావాళ్లవి తిప్పికొట్టేది అందుకే. కాగితం ఉన్న ఒక్కరిది ముందు పెట్టి, అది ఆమోదం పొందాక మిగతావి పెట్టండి.

తర్వాత బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) ఇంటికొచ్చి చూస్తారు. తాళం ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఫ్లాట్ నంబరు, గుర్తు స్పష్టంగా రాయండి. వాచ్‌మన్‌కు, పక్కింటివాళ్లకు మీ పేరు చెప్పి ఉంచండి. రిఫరెన్స్ నంబరుతో స్టేటస్ చూసుకుంటూ, కదలకపోతే ఓటర్ల హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేయండి. కొందరు ఓనర్లు 'మా ఇంటి నంబరు మీద ఓటు వద్దు' అంటారు. అద్దెకున్నవాళ్లు రేపు ఇల్లు తమదంటారేమోనని వాళ్ల భయం. ఓటరు జాబితాలో పేరు ఆస్తి హక్కునివ్వదు. ఆ మాట వాళ్లకు నెమ్మదిగా చెప్పండి. ఓటు పెట్టుకోవడానికి ఓనర్ అనుమతి అక్కర్లేదు.

ఎన్నికలొచ్చాక చూద్దామనుకోకండి. నామినేషన్ల చివరి రోజు దాటితే జాబితాలో మార్పు కుదరదు. అభ్యంతరాలకు ఏడు రోజులు వదలాలి కాబట్టి అంతకు పది రోజుల ముందే దరఖాస్తు పడి ఉండాలి. 2024 మే 13న రెండు తెలుగు రాష్ట్రాల్లో పోలింగ్ జరిగితే నామినేషన్లు ఏప్రిల్ 25తో ముగిశాయి. అంటే ఏప్రిల్ మధ్యకే తలుపు మూసుకుంది.

సొంతూళ్లో ఓటు ఉంచుకోవడం సంగతి. అక్కడ ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరని అదే 1950 చట్టం 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. తాత్కాలికంగా బయటికెళ్లినవాళ్లు ఊరి ఓటు పోగొట్టుకోరనీ చెబుతుంది. ఆరు నెలలు ఇటుక బట్టీలకో, భవన నిర్మాణానికో వెళ్లే పాలమూరు, శ్రీకాకుళం కూలీలకు ఈ రెండో మాటే రక్ష. హాస్టల్ విద్యార్థులు రెండింట్లో ఏదైనా ఎంచుకోవచ్చు. పిల్లల్ని ఇక్కడ బడిలో వేసి ఇక్కడే కాపురముండే మీలాంటివాళ్లు మాత్రం ఓటు ఇక్కడికి తెచ్చుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. మీ నల్లా, మీ రోడ్డు, మీ బస్సు ఇక్కడి ఓట్లతో తేలతాయి.

మూడో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. 2024లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో పోలింగ్ సగం కూడా దాటలేదు. ఓట్లేయని వీధి ఏ పార్టీకీ అవసరం లేదు. అయితే తప్పంతా జనం మీద వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. 2022 జూన్‌ నాటికి ఒకే దేశం–ఒకే రేషన్ కార్డు అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. బియ్యం మనిషి వెంట రాగలిగినప్పుడు ఓటు ఎందుకు రాకూడదు? ఒకే బూత్ నుంచి 72 నియోజకవర్గాల ఓట్లు వేయించే యంత్రం ప్రతిపాదనను ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీల ముందు పెట్టింది. ప్రతిపక్షాల అభ్యంతరాలతో అది అక్కడే ఆగింది. యంత్రం మీద అనుమానాలు తీర్చాల్సిందే. కానీ వలస కూలీ ఓటుకు ఇంకో దారి చూపే పని ఏ పార్టీ భుజానికెత్తుకుంది?

2025లో బిహార్‌లో జరిగిన ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ ఇల్లు మారేవాళ్లందరికీ హెచ్చరిక. ఆగస్టు 1 ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు గల్లంతయ్యాయి. చనిపోయినవాళ్లు దాదాపు 22 లక్షలు, రెండు చోట్ల ఉన్నవి 7 లక్షలు. అన్నిటికంటే పెద్ద గంప, దాదాపు 36 లక్షలు, 'శాశ్వతంగా వెళ్లిపోయారు లేదా కనబడలేదు' అన్నది. ఆ పేర్లు కారణాలతో సహా బయటపెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. దొంగ ఓట్లు పోవాలి, ఒప్పుకుంటాను. కానీ వెళ్లిపోయాడని పేరు కొట్టేసే యంత్రాంగమే అతను చేరిన చోట పేరు ఎక్కించే బాధ్యత కూడా తీసుకోవాలి. ఒకవైపు కత్తిరించి రెండోవైపు కుట్టకపోతే అద్దెకుండే పేదవాడు రెండు చోట్లా లేకుండా పోతాడు.

దరఖాస్తు తిరస్కరిస్తే 15 రోజుల్లోపు కలెక్టరుకు అప్పీలు చేయొచ్చు. అక్కడా కాదంటే 30 రోజుల్లోపు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. పోలింగ్ రోజు మీ పేరు జాబితాలో ఉండి, పక్కన 'షిఫ్టెడ్' అని గుర్తుంటే వెనుదిరగకండి. గుర్తింపు చూపించి, అధికారి అడిగిన ప్రకటన మీద సంతకం చేస్తే ఓటు వేయనివ్వాలి.