దెనాలీకి అమ్మానాన్నలతో: ఎలుగుబంట్లు, మూస్‌లు, పులిహోర డబ్బా

ప్రశ్న: టెక్సస్‌కి వచ్చి ఏడాదైంది. జూలైలో అమ్మానాన్న వస్తున్నారు. అలాస్కాలోని దెనాలీ పార్కు చూపించాలని ఉంది. కానీ ఎలుగుబంట్లంటే ఇంట్లో అందరికీ టెన్షన్. అక్కడ నడవొచ్చా?

జవాబు: నిశ్చింతగా తీసుకెళ్లండి. నేను అలాస్కాలోనే, యాంకరేజ్‌లో 16 ఏళ్లుగా ఉంటున్నాను, మా ఇంటికి ఎవరొచ్చినా ముందు దెనాలీకే తీసుకెళ్తాను.

పార్కు రోడ్డు మొత్తం 92 మైళ్లు. వేసవిలో సొంత కారు 15వ మైలు దగ్గర సావేజ్ నది దాకానే వెళ్లనిస్తారు. అక్కణ్ణుంచి పార్కు బస్సులే. 2021లో 45వ మైలు దగ్గర కొండచరియ జారి రోడ్డు మూసేశాక బస్సులు 43వ మైలు నుంచే వెనక్కి తిరిగేవి. మీరు వెళ్లేనాటికి ఎక్కడిదాకా వెళ్తున్నాయో బుక్ చేసేముందు చూసుకోండి. పెద్దవాళ్లతో వెళ్తే జంతువుల్ని చూడ్డానికి బస్సును మించింది లేదు. మా అమ్మ వచ్చినప్పుడు కిటికీలోంచి తల్లి ఎలుగు, రెండు పిల్లలు కనిపించాయి. తల్లి బెర్రీ పొదని పంజాతో వంచి పట్టుకుని, ఆకులతో సహా నోట్లోకి లాక్కుంటోంది. పావుగంట సేపు అమ్మ నోట మాట లేదు. బైనాక్యులర్స్ మాత్రం మనిషికొకటి ఉండాలి.

నడిచేటప్పుడు దూరమే మీకు రక్ష. దెనాలీలో ఎలుగుకి 300 గజాలు, మూస్‌కి 25 గజాలు తగ్గకుండా ఉండాలని నియమం. మూస్ అంటే జింక జాతిలో అన్నిటికంటే పెద్ద జంతువు. పొదల్లో నడుస్తుంటే గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి, మీరొస్తున్నట్టు తెలిస్తే ఎలుగే పక్కకి తప్పుకుంటుంది. ఎదురుపడితే పరిగెత్తకూడదు. నెమ్మదిగా మాట్లాడుతూ వెనక్కి జరగాలి. మూస్ సంగతి పూర్తిగా వేరు. చెవులు వెనక్కి వాల్చి, మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే అది మీదికి రాబోతోందని అర్థం. అప్పుడు మాత్రం పరుగు తీసి చెట్టు చాటుకి చేరాలి. మనవాళ్లు ఎలుగుకి భయపడి, గేదెలా నిలబడ్డ మూస్ దగ్గరికి ఫొటో కోసం వెళ్లిపోతారు. పక్కన దూడ ఉంటే అది చాలా ప్రమాదం.

ఇక తిండి. బస్సులో ఏమీ అమ్మరు కాబట్టి పులిహోర, చపాతీలు కట్టుకెళ్లడం మంచిదే. కానీ ఇంగువ వాసన, ఆవకాయ వాసన మన ముక్కుకే అంత దూరం నుంచి తగులుతుంటే ఎలుగుకి ఎంత తగులుతుందో ఆలోచించండి. బిగుతు మూత డబ్బాల్లో పెట్టండి, తిన్న చోట మెతుకు కూడా వదలొద్దు. బ్యాగు గట్టున పెట్టి ఫొటోలకి వెళ్లొద్దు. మనిషి తిండి ఒకసారి రుచి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ మనుషుల దగ్గరికే వస్తుంది, చివరికి దాన్నే చంపేయాల్సి రావచ్చు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

బేర్ స్ప్రే (ఎలుగు మీదికొస్తే దాని వైపు కొట్టే స్ప్రే) తప్పకుండా పెట్టుకోండి, బ్యాగులో కాదు, చేతికందేలా నడుముకి. అది మిరప ఘాటుతో చేసింది, దోమల మందులా ఒంటికి కొట్టుకునేది కాదని అమ్మానాన్నకి ముందే చెప్పండి. విమానంలో చేతి బ్యాగులోనూ, చెకిన్ సామానులోనూ దాన్ని తీసుకెళ్లనివ్వరు. అలాస్కాలో దిగాకే కొనుక్కోండి.