కూలీ కుటుంబానికి వంశవృక్షం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మమ్మగారి తాతగారి తండ్రి ఈస్టిండియా కంపెనీ సైనికుడిగా ఇంగ్లండు నుంచి వచ్చి, గోదావరి ఆనకట్ట కడుతున్న రోజుల్లో ధవళేశ్వరంలో పనిచేసి, ఇక్కడే స్థిరపడ్డారట. ఇంట్లోని పాత బైబిలు మొదటి పుటలో ఆయన పేరు, 1823 అన్న సంవత్సరం, నార్ఫోక్ అన్న మాట మాత్రమే ఉన్నాయి. ఆయన తండ్రి పొలం కూలీ అని పెద్దలు చెప్పేవారు. సెంటు భూమి లేనివారి వివరాలు అక్కడి రికార్డుల్లో ఉంటాయా?
– ఒక పాఠకురాలు, ధవళేశ్వరం

జవాబు: ఉండే అవకాశం ఎక్కువే. మన కరణాల లెక్కలు భూమి వెంట నడిచాయి కాబట్టి భూమి లేనివాడి పేరు వాటిలో అరుదు. 1538లో మొదలైన ఇంగ్లండు పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) రిజిస్టర్లు మాత్రం బాప్తిస్మం, పెళ్ళి, భూస్థాపనల లెక్కతో మనిషి వెంట నడిచాయి. పైగా 1813 నుంచి బాప్తిస్మం రిజిస్టరు అచ్చు ఫారాలలోకి మారి, తండ్రి వృత్తి, నివాసం కూడా రాయవలసి వచ్చింది. మీ పెద్దాయన 1823లో పుట్టడం ఆ విధంగా మీకు కలిసివచ్చింది.

అయితే నార్ఫోక్ ఒక కౌంటీ, అంటే మన జిల్లా వంటిది. అందులో వందలాది పారిష్‌లున్నాయి. అందువల్ల ముందు వెతకవలసింది ఇంటిపేరు కాదు, ఊరి పేరు. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీసు రికార్డుల్లో కంపెనీ సైన్యంలో చేరినవారి రిజిస్టర్లున్నాయి. స్వస్థలం, పూర్వపు వృత్తి వాటిలో దొరకవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నుంచి పంపిన పెళ్ళి, భూస్థాపన నమోదుల ప్రతులు కూడా అక్కడే ఉన్నాయి.

ఊరు తెలిశాక జనాభా లెక్కలు చూడండి. ఆనకట్ట పని 1847 నుంచి 1852 దాకా సాగింది కాబట్టి 1851 మార్చి 30 నాటి లెక్కలో ఆయన ఇంగ్లండులో కనబడరు. కానీ తల్లిదండ్రులు బతికి ఉంటే, వారి వయస్సు, ఇంటి యజమానితో బంధుత్వం, పుట్టిన పారిష్ అందులో ఉంటాయి. 1841 లెక్క అంత ఉదారమైనది కాదు: పదిహేనేళ్ళు దాటినవారి వయస్సును సాధారణంగా ఐదేళ్ళ మెట్టుకు దించి రాశారు, నలభైనాలుగేళ్ళవాడు నలభై అయ్యాడు, పుట్టిన చోటు విషయంలో అదే కౌంటీయా కాదా అన్నదొక్కటే అడిగారు. వ్యవసాయ కూలీని గుమస్తాలు ‘ఆగ్ ల్యాబ్’ అని కుదించారు. ఆ మాట పుట నిండా కనబడితే విసుగు చెందకండి.

అక్షరజ్ఞానం లేనివారి ఇంటిపేరును గుమస్తా చెవికి వినబడినట్టు రాసేవాడు. మన రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో మరొకలా ఇంటిపేరు ఉండడం ఎరిగిన మనకు ఇది వింత కాదు. కనుక అక్షరాలు కలవలేదని ఎవరినీ వదలకండి. అలాగే పేరూ ఏడూ కలిశాయని ఎవరినీ ముత్తాతగా ఒప్పుకోకండి. బిడ్డ చనిపోతే తరువాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడం అప్పట్లో మామూలు. భూస్థాపన రిజిస్టరు కూడా చూస్తేనే ఈ పొరపాటు బయటపడుతుంది.

నా దృష్టిలో కూలీ కుటుంబాలకు అన్నిటికన్నా విలువైనవి పేదల సహాయానికి సంబంధించిన కాగితాలు. ఒక పారిష్‌లో కూలీ సాయం కోరితే, అతనిని పోషించే బాధ్యత ఏ పారిష్‌దో తేల్చడానికి న్యాయాధికారులు ప్రమాణం చేయించి విచారించేవారు: ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర ఏడాది పాటు పనిచేశాడు, ఎంత జీతానికి. అటువంటి వాంగ్మూలం మీ ఊరికి మిగిలి ఉన్నదేమో నార్విచ్‌లోని నార్ఫోక్ రికార్డు ఆఫీసును అడగండి. ఉత్తరంలో పారిష్ పేరు, తల్లిదండ్రులిద్దరి పేర్లు తప్పక రాయండి.