ఇంట్లో ఒకటే కంప్యూటర్, నలుగురికీ వేర్వేరు క్లౌడ్ ఖాతాలు

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా మామగారి పెట్టెలోని దస్తావేజులు కొన్ని తడిసిపోయాయి. అప్పటినుంచి తెలుగులో ఉన్న పాత దస్తావేజులనూ ఒడియాలో ఉన్న పట్టాలనూ స్కాన్ చేయించి ఆయన గూగుల్ డ్రైవ్‌లో దాస్తున్నాము. మావారి దుకాణం లెక్కలు, మా అమ్మాయి కాలేజీ పాఠాలు, నా ట్యూషన్ కాగితాలు కూడా ఆ ఖాతాలోనే ఉన్నాయి. పోయిన వారం డిస్కులో చోటు చాలడం లేదని మా అమ్మాయి ఒక ఫోల్డర్ తీసేస్తే, మామగారి ఫోన్‌లో కూడా దస్తావేజులు మాయమయ్యాయి. ఎవరి ఖాతా వారికి విడిగా పెట్టుకోవడం ఎలాగండీ?
— ఒక పాఠకురాలు

జవాబు: అన్నిటికంటే ముందు ఈరోజే బ్రౌజర్‌లో మామగారి గూగుల్ డ్రైవ్ తెరిచి, ఎడమవైపున ఉండే ట్రాష్‌లో చూడండి. తీసేసిన ఫైళ్లు అందులో 30 రోజులు ఉండి, ఆపైన వాటంతట అవే పోతాయి. ఇంకా వారమే అయింది కనుక, ట్రాష్‌ను ఎవరూ ఖాళీ చేయకుండా ఉంటే, రిస్టోర్ నొక్కి ఆ ఫోల్డర్‌ను వెనక్కు తెచ్చుకోవచ్చు. మీ అమ్మాయిని ఏమీ అనకండి. కంప్యూటర్‌లో కనిపించే ఆ ఫోల్డర్ విడి నకలు కాదు. దానిలో చెరిపినది క్లౌడ్‌లోనూ, ఆ ఖాతా ఉన్న ప్రతి ఫోన్‌లోనూ చెరిగిపోతుంది. ఈ సంగతి ఎవరూ చెప్పకపోతే తెలిసేది కాదు.

గూగుల్ డ్రైవ్ కంప్యూటర్ ప్రోగ్రాంలో నాలుగు ఖాతాల వరకు కలుపుకోవచ్చు గనుక, మీ నలుగురి ఖాతాలనూ అందులోనే చేర్చమని ఎవరైనా చెప్పవచ్చు. నేను మాత్రం వద్దంటాను. అప్పుడు ఖాతాలు నాలుగైనా, కంప్యూటర్ ముందు కూర్చున్నవారు ఎవరైనా నాలుగింటినీ తెరవగలరు, చెరపగలరు. క్రోమ్‌లో వేర్వేరు ప్రొఫైళ్లు పెట్టుకున్నా ఇదే ఇబ్బంది, వాటికి తాళం ఉండదు. మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్ అయితే ఒక విండోస్ యూజర్ కింద ఒక్క వ్యక్తిగత ఖాతానే ఒప్పుకుంటుంది. అందువల్ల ముందు వేరుచేయవలసింది విండోస్ యూజర్లను.

సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ విభాగంలో నలుగురికీ నాలుగు కొత్త యూజర్లను, ఎవరి పాస్‌వర్డ్‌తో వారికి, స్టాండర్డ్ రకంలోనే తయారుచేయండి. ఇప్పుడున్న పాత యూజర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా అలాగే ఉంచి, కొత్త ప్రోగ్రాములు ఎక్కించడం వంటి పనులకే వాడండి. ఆ హక్కు ఉన్నవారు ఇతరుల ఫోల్డర్లను కూడా తెరవగలరు కాబట్టి దాని పాస్‌వర్డ్ ఇంట్లో ఒకరి దగ్గరే ఉండాలి. మరొక మాట: మన ఇళ్లలో అందరూ ఫైళ్లను డి డ్రైవ్‌లో పెడతారు. యూజర్లను విడదీసినా డి డ్రైవ్ మామూలుగా అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరి ఫైళ్లు వారి డాక్యుమెంట్స్‌లోనే ఉండాలి.

ఫైళ్లను తరలించేటప్పుడు వరుస తప్పితే మళ్లీ నష్టమే. మీవారివీ మీవీ అమ్మాయివీ అయిన ఫోల్డర్లను మామగారి డ్రైవ్ నుంచి దించి, ఎవరి ఖాతాలోకి వారివి ఎక్కించి, కొన్నిటిని తెరిచి చూసుకున్న తరువాతే అక్కడ తీసేయండి. పాత యూజర్‌లో అప్‌లోడ్ అంతా పూర్తయిందని రూఢి చేసుకొని, డ్రైవ్ ప్రోగ్రాంలో ఖాతాను డిస్‌కనెక్ట్ చేయండి. ఆ ముడి విప్పిన తరువాతే డిస్కులో మిగిలిన ఫోల్డర్‌ను తొలగించాలి. ముందే తొలగిస్తే పోయిన వారం జరిగినదే మళ్లీ జరుగుతుంది.

ఒక్కొక్క గూగుల్ ఖాతాకు 15 జీబీ ఉచితం. జీమెయిల్, ఫోటోలు కూడా అందులోకే వస్తాయి. ఖాతాలు పెరిగినంత మాత్రాన మీ డిస్కులో చోటు పెరగదు, కనుక ప్రతి యూజర్‌లోనూ డ్రైవ్ ప్రోగ్రాంలో ఎవరి ఖాతాతో వారు సైన్ ఇన్ అయి, ఫైళ్లన్నిటినీ డిస్కులోనూ ఉంచే మిర్రర్ బదులు స్ట్రీమ్ పద్ధతిని ఎంచుకోండి. అప్పుడు తెరిచిన ఫైళ్లు, ఆఫ్‌లైన్‌లో ఉంచమన్న ఫైళ్లు మాత్రమే డిస్కులో చోటు తీసుకుంటాయి. ఒకరు విండోస్ నుంచి సైన్ అవుట్ చేస్తే వారి సింక్, అంటే క్లౌడ్‌తో ఫైళ్లు కలవడం, ఆగిపోతుంది. కరెంటు పోయినా అంతే. మీవారు దుకాణం లెక్కలు ఎక్కించే రాత్రి, అప్‌లోడ్ పూర్తయినట్లు కనిపించేదాకా సైన్ అవుట్ చేయకూడదు.

పట్టాలు ఇంటందరికీ కావలసినవి గనుక మామగారి ఖాతాలోనే ఉంచి, మిగిలిన ముగ్గురికీ వ్యూయర్ హక్కుతో షేర్ చేయండి. చూడవచ్చు, దించుకోవచ్చు, చెరపలేరు.

పెద్దవారి ఖాతా విషయంలో నాకున్న బెంగ పాస్‌వర్డ్ గురించే. రికవరీకి ఆయన నంబరు, మీలో ఒకరి ఈమెయిల్ రెండూ ఇవ్వండి. రెండు దశల ధ్రువీకరణ (పాస్‌వర్డ్ తరువాత మరొక రుజువు అడగడం) పెట్టాక, ఫోన్ చేతిలో లేనప్పుడు పనికివచ్చేలా గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను అచ్చు తీయండి. రెండేళ్లపాటు అసలు వాడని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు, కాబట్టి ఆయన అప్పుడప్పుడూ తెరుస్తూ ఉండాలి. దస్తావేజుల స్కాన్‌లను ఏ ఖాతాతోనూ ముడిపడని ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా ఎక్కించి, ఆ కోడ్‌ల కాగితంతో కలిపి నీరు చొరని సంచిలో చుట్టి, ఈసారి పెట్టెను అటక మీదికి ఎక్కించండి.