తాళం వేశారు, గొళ్లెం మరిచారు

"డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. నిరుడు పికప్ ట్రక్కు కొని, వెనక సామాను వేసుకునే బెడ్‌కి మూడు మడతల అల్యూమినియం కవర్ వేయించాను. పోయిన వారం గుడి దగ్గర పార్క్ చేసి వచ్చేసరికి డ్రిల్లింగ్ మెషిన్, రంపం, మా అబ్బాయి క్రికెట్ కిట్ పోయాయి. కవర్‌కి గీత కూడా పడలేదు. ఫోనుతో తెరుచుకునే బ్లూటూత్ తాళం పెట్టించాలనుకుంటున్నాను. ఏ రకం మంచిది?"

ఏ రకమూ కొనకండి. ముందు బండికి తాళం వేసి, వెనక్కి వెళ్లి టెయిల్‌గేట్, అంటే బెడ్ వెనక కిందికి దించే తలుపు, హ్యాండిల్ లాగి చూడండి. అది తెరుచుకుంటే దొంగ ఏ దారిన వచ్చాడో తెలిసినట్టే.

సంక్రాంతి తర్వాత ఇలాంటి ఉత్తరం నాకిది ఐదోది. హ్యూస్టన్ నుంచి రెండు, ఆస్టిన్ నుంచి ఒకటి, అట్లాంటా నుంచి ఒకటి వచ్చాయి. అందులో ఇద్దరివి చాపలా చుట్టే వినైల్ కవర్లు. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వానను ఆపుతాయి, బ్లేడును ఆపలేవు. మన ఊళ్లలో ట్రాలీ మీద పట్టా కప్పి తాడు కట్టేవారికి ఆ పట్టా దొంగల కోసం కాదని తెలుసు. ఇక్కడ అదే పట్టాకి అందమైన పేరు పెట్టి నాలుగు వందల డాలర్లు తీసుకుంటే, దానికి భద్రత కూడా వచ్చిందనుకుంటున్నాం.

మీ గట్టి కవర్ సంగతి వేరు. దాని చివరి మడతను పట్టి ఉంచే గడియ బెడ్ లోపలి వైపు ఉంటుంది. టెయిల్‌గేట్ దించితేనే చేతికి అందుతుంది. అందుకే చాలా కవర్లకు విడిగా తాళం ఉండదు. "టెయిల్‌గేట్ వేస్తే కవర్‌కి తాళం పడినట్టే" అని అమ్మేవారు చెబుతారు. వేయడం వేరు, తాళం వేయడం వేరు. తక్కువ ధర మోడళ్లలో రిమోట్ బటన్ నొక్కితే తలుపులకే తాళం పడుతుంది. టెయిల్‌గేట్‌కి విడిగా తాళంచెవి తిప్పాలి. కొన్నిటికి అసలు తాళమే ఉండదు. బటన్ నొక్కగానే బండి ఒకసారి కూత పెట్టి లైట్లు ఆర్పుతుంది కాబట్టి అంతా భద్రమని మనం నమ్మి వెళ్లిపోతాం. తాళం వేసితిని, గొళ్లెం మరచితిని అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

ఇందులో మీ తప్పు సగమే. డ్రైవర్ సీటును ఎనిమిది దిక్కులకు జరపడానికి మోటార్లు పెట్టినవారికి, టెయిల్‌గేట్ తాళానికి బొటనవేలంత మోటారు పెట్టడం బరువైపోయింది! ఆ మోటారు బయట విడిగా దొరుకుతుంది. ఖరీదు వంద డాలర్లకు అటూ ఇటూ. టెయిల్‌గేట్ లోపలి రేకు విప్పి, తాళపు కడ్డీకి తగిలించి, తీగను సెంట్రల్ లాకింగ్‌కి, అంటే తలుపులన్నిటికీ ఒకేసారి తాళం వేసే ఏర్పాటుకి, కలుపుతారు. మీరు కొనాలనుకున్న బ్లూటూత్ తాళానికి బదులు ఇది కొనండి.

అదే చేత్తో ఇంకో పని కూడా చేయించండి. చాలా ట్రక్కులకు టెయిల్‌గేట్‌ను సగం దించి ఒక పక్క పైకి ఎత్తితే కీలు నుంచి ఊడి చేతికి వస్తుంది. కడగడానికీ, పెద్ద సామాను ఎక్కించడానికీ వీలుగా ఉంటుందని పెట్టిన ఏర్పాటు అది. ఇప్పుడు టెయిల్‌గేట్‌లో కెమెరా కూడా ఉంటోంది కాబట్టి దొంగలకు అదే మంచి సరుకు. ఊడివచ్చే వైపు కీలు చుట్టూ నీటి గొట్టాలకు వేసే స్టీలు క్లిప్ ఒకటి బిగిస్తే తలుపు పైకి లేవదు. రెండు డాలర్ల పని.

కవర్‌కి గానీ, బెడ్‌లోని పనిముట్ల పెట్టెకు గానీ తాళం ఉంటే దాని ముఖం మీద చెక్కిన అంకెలు చదవండి. సీహెచ్ 751 అని ఉంటే వెంటనే మార్చండి. అమెరికాలో క్యాంపర్ బండ్ల అరలకు ఏళ్ల తరబడి ఇదే తాళం వేశారు. కొన్ని ట్రక్కు పెట్టెలకూ ఇదే ఉంటుంది. అన్నిటికీ ఒకే చెవి, అదీ ఆన్‌లైన్‌లో రెండు మూడు డాలర్లకే. వేరే అంకె ఉన్నా సంబరపడకండి. ఆ అంకె చూసి చెవి తెప్పించుకోవచ్చు. తాళం ముఖం మీదే తాళంచెవి నంబరు చెక్కడం ఎవరికి పుట్టిన ఆలోచనో గానీ, ఏటీఎం కార్డు మీద పిన్ రాసుకునేవారిని చూసి నవ్వే హక్కు వారికి లేదు.

బ్లూటూత్ తాళం ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. 2018లో వేలిముద్రతో, ఫోనుతో తెరుచుకునే ఖరీదైన తాళం ఒకదాన్ని బ్రిటన్‌లో భద్రతా పరిశోధకులు రెండు సెకన్లలోపే తెరిచారు. ఆ తాళం తన బ్లూటూత్ చిరునామాను చుట్టుపక్కల ఉన్న ఫోన్లన్నిటికీ ప్రసారం చేస్తుంది. తెరిచే సంకేతాన్ని ఆ చిరునామా నుంచే లెక్కగట్టవచ్చు. అన్ని తాళాలూ అంత అధ్వానంగా ఉండవు. కానీ బయటి నుంచి చూసి ఏది ఎలాంటిదో చెప్పే మార్గం మీకూ లేదు, నాకూ లేదు. ఇత్తడి తాళాన్ని చేత్తో బరువు చూసైనా అంచనా వేయగలం.

అసలు నా భయం వేరే ఉంది. టెయిల్‌గేట్‌ను సెంట్రల్ లాకింగ్‌కి కలిపాక తలుపులు, బెడ్, బెడ్‌లోని సామాను అన్నీ జేబులో ఉండే ఆ చిన్న కీ ఫాబ్, అంటే రిమోట్ తాళంచెవి, చేతిలోకి వెళ్తాయి. బటన్ నొక్కకుండా దగ్గరకు రాగానే తెరుచుకునే రకం అయితే, ఆ ఫాబ్ చాలావరకు రాత్రంతా మెలకువగానే ఉంటుంది. బండి పంపే బలహీనమైన సంకేతం మీటరో, రెండు మీటర్లో వెళ్తుంది. ఫాబ్ దాన్ని విని జవాబిస్తుంది. జవాబు వచ్చిందంటే యజమాని పక్కనే ఉన్నాడని బండి నమ్ముతుంది. ఇద్దరు దొంగలు రెండు పెట్టెలతో వస్తారు. ఒకడు బండి దగ్గర, రెండోవాడు మీ గుమ్మం దగ్గర నిలబడతాడు. బండి మాటను మొదటివాడి పెట్టె గుమ్మం దాకా మోస్తుంది, గుమ్మం పక్క కొక్కేనికి వేలాడుతున్న ఫాబ్ ఇచ్చిన జవాబును రెండోవాడి పెట్టె బండి దాకా మోస్తుంది. ఏ రహస్య సంకేతాన్నీ ఛేదించే పని లేదు. ప్రతిసారీ మారే కోడ్ ఉందని కంపెనీలు గొప్పగా చెబుతాయి. ఇక్కడ కోడ్ సరైనదే, దూరమే అబద్ధం.

ఫోనునే తాళంచెవిగా వాడేవారు తాము తప్పించుకున్నామనుకోవద్దు. బ్లూటూత్‌తో తెరుచుకునే కారుపై ఇదే పద్ధతి పనిచేస్తుందని ఎన్‌సీసీ గ్రూప్ అనే బ్రిటన్ భద్రతా సంస్థ 2022 మేలో చూపించింది. దీనికి సరైన మందు అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే రేడియో పద్ధతి. అది సంకేతం వచ్చి వెళ్లిన కాలాన్ని కొలుస్తుంది. రేడియో తరంగం నానో సెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి దూరం గురించి అబద్ధం చెప్పడం కష్టం. మీ ట్రక్కులో అది లేకపోతే సెట్టింగులలోకి వెళ్లి, దగ్గరకు రాగానే తెరుచుకునే సదుపాయాన్ని ఆపేయండి. బటన్ నొక్కడానికి ఒక వేలు చాలు.

సంకేతం బయటకు పోకుండా ఫాబ్‌ను స్టీలు డబ్బాలో పెడితే చాలదా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. మూత బిగుతుగా ఉంటే చాలవచ్చు. పోపుల డబ్బా అయినా, సంకేతాన్ని ఆపుతుందని అమ్మే ఇరవై డాలర్ల సంచి అయినా పరీక్ష ఒకటే. ఫాబ్‌ను అందులో వేసి మూసి, చేత్తో పట్టుకుని బండి తలుపు లాగండి. తెరుచుకుంటే ఆ డబ్బాను మళ్లీ పోపులకే వాడుకోండి.

ఆపేసిన సదుపాయం ఆగే ఉంటుందా అన్నది ఇంకో సంగతి. నా కారుకి ఒక రాత్రి అప్‌డేట్ వచ్చింది. పొద్దున చూస్తే నేను రెండేళ్ల క్రితం ఆపేసింది మళ్లీ పనిచేస్తోంది! వారు పంపిన చీటీలో "స్థిరత్వం మెరుగుపరిచాం" అని మాత్రమే ఉంది. ఎవరి స్థిరత్వమో రాయలేదు. మా ఇంటి తలుపు చేసిన వడ్రంగి రాత్రిపూట వచ్చి గడియ తీసి, "తలుపు మెరుగుపరిచాను" అని చీటీ అంటించి వెళ్తే ఊరుకుంటామా? మరమ్మతు చేయండి, కాదనను. నేను పెట్టుకున్న అమరికను ముట్టుకునే ముందు నన్ను అడగండి. అడగడం అంటే నలభై పేజీల షరతుల కింద "అంగీకరిస్తున్నాను" అనే బటన్ పెట్టడం కాదు. ఇక ప్రతి అప్‌డేట్ తర్వాతా టెయిల్‌గేట్ హ్యాండిల్ లాగి చూసుకోవడం మీ పనే.

మీకు ఖర్చులేని ఉపాయం ఒకటి. పార్క్ చేసేటప్పుడు వెనక్కి నడిపి, టెయిల్‌గేట్ గోడకు జానెడు దూరంలో ఉండేలా ఆపండి. దించడానికే చోటు లేకపోతే గడియ చేతికి అందదు.

"పనిముట్ల సంచిలో, ఎక్కడుందో ఫోనులో చూపించే బ్లూటూత్ ట్రాకర్ వేశాను. దొంగతనం జరిగినా పట్టుకోవచ్చు కదా?" అని ఆస్టిన్ పాఠకుడు అడిగారు.

మీ సంచి మార్కెట్లో పోగొట్టుకుంటే దొరుకుతుంది. దొంగ తీసుకుపోతే వాడికీ కబురు అందుతుంది. ఎవరి వెంటైనా రహస్యంగా ట్రాకర్ పెట్టి వేధించే వారిని అడ్డుకోవడానికి, మీతో పాటు గుర్తు తెలియని ట్రాకర్ ఒకటి తిరుగుతోందని ఫోన్లు హెచ్చరిస్తాయి. 2024 మే నుంచి రెండు ప్రధాన రకాల ఫోన్లూ, ఐఫోన్, ఆండ్రాయిడ్, ఒకదాని ట్రాకర్‌ను ఇంకొకటి పసిగడుతున్నాయి. ఆ హెచ్చరిక ఉండాల్సిందే, ఆడపిల్లల తల్లిదండ్రులెవరూ దాన్ని తీసేయమనరు. మొదటి గంటలో అది ఎక్కడుందో చూసి పోలీసులకు చెప్పండి, మీరు వెళ్లి ఆ తలుపు తట్టవద్దు.

ఫ్రిస్కో పాఠకుడు చివర్లో ఇన్సూరెన్స్ గురించి కూడా అడిగారు. అమెరికాలో బండి పాలసీ సాధారణంగా బెడ్‌లోని సొంత సామానుకు డబ్బు ఇవ్వదు. ఇంటి పాలసీ గానీ, అద్దెదారు పాలసీ గానీ ఇస్తుంది, అదీ మీరు భరించాల్సిన మొదటి మొత్తం పోను. డ్రిల్లు, రంపం సీరియల్ నంబర్లు కొన్న రశీదు మీద ఉన్నాయేమో చూడండి. క్రికెట్ కిట్‌కి నంబరు ఉండదు. బ్యాటు పట్టుకున్న అబ్బాయి ఫోటో ఏదైనా ఉంటే అది జతచేయండి.