భూమి మోడల్‌లో ఏ పొర ఎంత మందం వేయాలి?

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. సైన్స్ ఎగ్జిబిషన్‌కి భూమి లోపలి పొరల మోడల్ చేసుకురమ్మన్నారు. థర్మోకోల్ బంతి కొని స్ప్రే పెయింట్ కొడితే గుంటలు పడి కరిగిపోయింది. ఏ పొర ఎంత మందమో ఒక్కో వీడియోలో ఒక్కోలా చూపిస్తున్నారు. రెడీమేడ్‌ది కొనేయమంటారా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: కొనకండమ్మా, టెన్షన్ పడేంత పని కాదిది. స్ప్రే పెయింట్‌లో ఉండే సాల్వెంట్ థర్మోకోల్‌ని తినేస్తుంది, నిమిషంలో అతుక్కునే గమ్ములతోనూ చాలాసార్లు ఇదే గొడవ. పోస్టర్ కలర్లో కాస్త ఫెవికాల్ కలిపి పూయండి, లేకపోతే రంగు సరిగ్గా పట్టక పూసల మధ్య తెల్ల చుక్కలు కనిపిస్తాయి. బాగా ఆరాక రెండో కోటు.

ఇక కొలతలు. సగానికి కోసిన 16 సెంటీమీటర్ల బంతి తీసుకోండి, అంటే వ్యాసార్ధం 8. భూమి వ్యాసార్ధం సుమారు 6,371 కిలోమీటర్లు కాబట్టి సెంటీమీటరుకి దాదాపు 800 కిలోమీటర్లు పడతాయి. కోసిన ముఖం మధ్యలో కాంపస్ ముల్లు గుచ్చి 1.5 సెంటీమీటర్లతో ఒక వృత్తం గీయించండి, అది లోపలి కేంద్రమండలం. ముల్లు కదపకుండా 4.4తో ఇంకొకటి, ఈ రెండు గీతల మధ్యది బయటి కేంద్రమండలం. అక్కణ్ణుంచి దాదాపు అంచు దాకా అంతా భూప్రావారమే. మరి మనం నిలబడ్డ భూపటలం? అది సముద్రాల కింద 5 నుంచి 10 కిలోమీటర్లు, ఖండాల కింద సుమారు 35, హిమాలయాల కింద 70 దాకా ఉంటుంది. మీ బంతి మీద 35 కిలోమీటర్లంటే అర మిల్లీమీటరు కూడా రాదు! వేలెడు మందాన గోధుమరంగు పట్టీ వేసే వీడియోలు బోల్తా పడేది ఇక్కడే. అంచు చుట్టూ సన్నటి స్కెచ్ పెన్ గీత చాలు, నిజానికి అదీ ఎక్కువే.

భూప్రావారానికి నారింజ రంగు వేస్తే వేశారు గానీ, అదంతా లావా అని మాత్రం పాప చెప్పకూడదు. అది చాలావరకు గట్టి రాయే, కాకపోతే ఆ వేడికి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల లెక్కన మెల్లగా జరుగుతూ ఉంటుంది. ద్రవంగా ఉన్నది బయటి కేంద్రమండలం, ముఖ్యంగా ఇనుము, నికెల్. లోపలిది ఇంకా వేడి, అయినా విపరీతమైన ఒత్తిడి వల్ల ఘనంగానే ఉంది.

చూడ్డానికొచ్చినవాళ్లు తప్పకుండా అడిగేది, "లోపలికి ఎవరూ వెళ్లలేదుగా, ఎలా తెలిసింది?" అని. రష్యాలోని కోలా బోరు 12 కిలోమీటర్లు దాటి ఆగిపోయింది, భూపటలాన్ని కూడా దాటలేదు. తెలిసింది భూకంప తరంగాల వల్ల. వాటిలో ఎస్ తరంగాలు ద్రవంలోంచి వెళ్లలేవు, బయటి కేంద్రమండలం ద్రవమని అలా పట్టుకున్నారు. దాని లోపల ఇంకో కేంద్రం ఉందని 1936లో చెప్పింది డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్, ఆవిడ పేరు పాపతో చెప్పించండి.

లేబుళ్లు టూత్‌పిక్‌లకి అంటించి గుచ్చితే సరి. రాత మాత్రం పాపదే ఉండనివ్వండి, మీరు రాసిస్తే టీచర్‌కి ఇట్టే తెలిసిపోతుంది.