డ్రైవర్ వెతక్కండి, ముందు సెన్సర్ ఏమంటోందో వినండి

టాబ్లెట్‌లా కూడా వాడుకునే టూ-ఇన్-వన్ లాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు (ఒక రకం లినక్స్) వేస్తే స్క్రీన్ తలకిందులుగా వస్తోంది, మోషన్ సెన్సర్ డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది అని ఒకరు అడిగారు. ఎక్కడా దొరకదండీ, దొరకక్కర్లేదు కూడా. అది కెర్నెల్‌లోనే, అంటే లినక్స్ గుండెకాయలాంటి ప్రోగ్రామ్‌లోనే ఉంది, పనిచేస్తోంది కాబట్టే స్క్రీన్ తిరుగుతోంది.

రెండేళ్ల కిందట మా నాన్న కోసం అలాంటిదే ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. విండోస్ తీసేసి ఉబుంటు ఎక్కించి రీస్టార్ట్ చేసేసరికి లాగిన్ పేజీ శీర్షాసనం వేసుకుని కూర్చుంది, మౌస్ కుడికి జరిపితే బాణం ఎడమకి పోతోంది. నాన్న "ఇంతేనా" అని మిషన్‌ని పట్టుకుని తలకిందులు చేశారు. చేస్తే స్క్రీన్ కూడా తిరిగి మళ్లీ తలకిందులే! ఎటు తిప్పినా అంతే. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, చక్కగా ఉన్నదాన్ని కెలికావు అంది. అమ్మిన షాపతనికి ఫోన్ చేస్తే, మిషన్ చూడకుండానే "డిస్‌ప్లే పోయింటదన్నా, ఆరు వేలవుద్ది" అన్నాడు. ఆఫీసులో స్నేహితుడేమో మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యమన్నాడు. రెండుసార్లు చేశా, సిగ్గులేకుండా. ఏ రోగానికైనా ఫార్మాట్ కొట్టడమే మందు అనే ఈ అలవాటు మనకి విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో అంటుకుంది, ఇంకా వదల్లేదు.

మూడో రాత్రి టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీ) మానిటర్-సెన్సర్ అని కొట్టా (ఐఐఓ-సెన్సర్-ప్రాక్సీ ప్యాకేజీతో వస్తుంది, మధ్యలో ఉన్నది అడ్డగీత). లాప్‌టాప్ నిటారుగా బల్ల మీద ఉంటే అది మాత్రం "బాటమ్-అప్", అంటే తలకిందులు, అంటోంది. అప్పుడు అర్థమైంది. యాక్సిలరోమీటర్ (ఆ మోషన్ సెన్సరే) చిప్‌ని కంపెనీవాళ్లు బోర్డు మీద ఎక్కడ చోటుంటే అక్కడ, ఎటు కుదిరితే అటు అతికిస్తారు, ఎటు అతికించారో విండోస్ డ్రైవర్‌కి చెప్పుకుంటారు. లినక్స్‌కి చాలాసార్లు ఎవరూ చెప్పరు. అందుకే లినక్స్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీలో ఒక పట్టిక ఉంటుంది, ఒక్కో మోడల్‌కి చిప్ ఎటు తిరిగి ఉందో చెప్పే తొమ్మిది అంకెల మౌంట్ మాట్రిక్స్. మీ మోడల్ అందులో లేకపోతే మీరే రాసుకోవాలి. నా దానికి -1, 0, 0; 0, -1, 0; 0, 0, 1 సరిపోయింది. మీది కూడా ఎటు తిప్పినా తలకిందులే అయితే ఇవే అంకెలు. పక్కకి తిరిగి ఉంటే ఒకటీ సున్నాలు చోట్లు మారతాయి, రెండుమూడు రకాలు వేసి చూడండి, ఏమీ పేలిపోదు.

ఈటీసీ కింద యూడెవ్‌లోని హెచ్‌డబ్ల్యూడీబీ.డీ ఫోల్డర్‌లో 61తో మొదలయ్యే కొత్త ఫైల్ పెట్టి, పై వరుసలో మీ మోడల్ గుర్తు, కింది వరుసలో మాట్రిక్స్ రాయాలి. కింది వరుస మొదట్లో ఒక ఖాళీ ఉండాలి. ఒక్క ఖాళీ! అది పెట్టక నేను రాత్రి ఒంటిగంట దాకా మేలుకున్నా. తర్వాత సిస్టమ్‌డీ-హెచ్‌డబ్ల్యూడీబీ అప్‌డేట్, యూడెవ్ఏడీఎమ్ ట్రిగ్గర్, ఆ ప్రాక్సీ సర్వీసు రీస్టార్ట్. అంతే. మోడల్ గుర్తులో బయాస్ (మిషన్ ఆన్ అవగానే నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) వెర్షన్ మాత్రం ఇరికించకండి, రేపు బయాస్ అప్‌డేట్ అయితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

మానిటర్-సెన్సర్ అసలు యాక్సిలరోమీటరే లేదంటే అది వేరే సంగతి, అప్పుడు కెర్నెల్ కొత్తది వేసి చూడండి.

అసలీ సెన్సర్ లాప్‌టాప్‌లోకి వచ్చింది స్క్రీన్ తిప్పడానికి కాదు. 2003లో ఐబీఎం థింక్‌ప్యాడ్‌లలో పెట్టింది, చేతిలోంచి జారితే హార్డ్ డిస్క్ హెడ్‌ని పక్కకి జరపడానికి. అది పనికొచ్చే పని. హెడ్ లేని ఎస్ఎస్‌డీలు వచ్చాక ఇదిగో ఇలా మన ప్రాణం తీస్తోంది.

ఇంతా చేసి ఇస్తే, నాన్న మధ్యాహ్నం మంచం మీద పక్కకి ఒరిగి అందులో పేపర్ చదువుతుంటే ఆయనతో పాటు స్క్రీనూ ఒరుగుతోందట. సూపర్ కీ (విండోస్ బొమ్మ ఉన్నది) పట్టుకుని O అక్షరం నొక్కి రొటేషన్ లాక్ చేసేశా.